ఆడపిల్లల కొలతకి ఎక్కే గోడ: రాయగడ ప్రాజెక్టు డైరీ

మే నెలాఖరు. బొక్కల లెక్క

ఒడిశా రాయగడలో ఆడపిల్లలు క్లైంబింగ్ సాధన చేయడానికి కడుతున్న గోడ కొలత ఖాయమైంది. వెడల్పు 8 అడుగులు, పొడవు 10 అడుగులు, ఎక్కేవాళ్ల మీదికి 20 డిగ్రీల వాలు. 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లై రెండున్నర షీట్లు, వెనక ఇనప చానెల్ ఫ్రేము. చోటు మా పెదమావగారి పాత చింతపండు గోడౌన్. సరుకు ఖాళీ చేసి ఏళ్లవుతున్నా, తలుపు తీస్తే ఇప్పటికీ నోట్లో నీళ్లూరతాయి.

తేలనిది టీ-నట్ల (ప్లై వెనక నుంచి బొక్కల్లో దిగ్గొట్టే నట్ల) ఎడం. ఎక్కేటప్పుడు చెయ్యీ కాలూ పెట్టే హోల్డులు బిగించేది ఆ నట్లకే. అంటే బొక్క ఎక్కడ పడితే చెయ్యి అక్కడికి వెళ్లాల్సిందే. అందరూ చూసి చేసుకునే మూన్‌బోర్డు అన్న సాధన గోడకి 40 డిగ్రీల వాలు, 11 నిలువు వరసలు, 18 అడ్డ వరసలు, మధ్యన 20 సెంటీమీటర్లు. గట్టి సాధన చేసే పెద్దవాళ్ల కోసం పుట్టిన బోర్డు అది, వాళ్లకి బ్రహ్మాండంగా సరిపోతుంది. మన దగ్గరికి వచ్చేది ఆరు నుంచి తొమ్మిది చదివే ఆడపిల్లలు. ఎక్కువమంది 140, 150 సెంటీమీటర్ల మధ్యనున్నారు. అందని హోల్డుని ఒక్క బొక్క దింపితే 20 సెంటీమీటర్లు దిగిపోతుంది, అసాధ్యంగా ఉన్నది కాస్తా మరీ తేలికైపోతుంది. 15 పెడితే ఆ మధ్య గడులు దొరుకుతాయి. కాకపోతే బొక్కలు 180 నుంచి 320కి పెరుగుతాయి, నట్ల ఖర్చూ అంతే.

మేస్త్రి డ్రిల్లు పక్కన పెట్టి, "ఏటి మేడమ్, ఇన్ని బొక్కలెట్టేస్తే ప్లైలో ఇంకేటుంటాది?" అన్నాడు. బొక్క 12 మి.మీ., ఎడం 15 సెంటీమీటర్లు, వెనక ప్రతి రెండడుగులకీ చానెల్. ఏం కాదని లెక్క కట్టి చూపించాక గానీ మళ్లీ డ్రిల్లు పట్టలేదు. 15కే ఖాయం.

జూన్ మొదటివారం. కాగితాలు

ఎండకి వెల్డింగ్ సాయంత్రాలే నడుస్తోంది. పగలంతా పేపర్లు చదివాను. గోడ కట్టడం ఒక్కటే అయితే మేస్త్రి చాలు. ఈ పిల్లల వేళ్ల బలం, ఓర్పు ఎలా పెరుగుతున్నాయో రాసి పెట్టాలని కదా మొదలుపెట్టింది. దేనితో పోల్చాలి?

క్రీడాశాస్త్రం మొత్తం మీద 2021లో వచ్చిన లెక్క ఒకటుంది. 2014 నుంచి 2020 దాకా పేరున్న పత్రికల్లో అచ్చయిన 5,261 అధ్యయనాలు తీసుకున్నారు. పాల్గొన్నవాళ్లలో ఆడవాళ్లు 34 శాతం. మగవాళ్లని మాత్రమే పరీక్షించినవి 31 శాతం, ఆడవాళ్లని మాత్రమే పరీక్షించినవి 6 శాతం. క్లైంబింగ్ పేపర్లు తిరగేస్తున్నా అదే రుచి తగులుతుంది: వేళ్ల బలం మీద పది పదిహేను మంది మగవాళ్లతో చేసిన పరీక్ష, చివర్లో ఆడవాళ్లతో కూడా చేయాలని ఒక వాక్యం.

విడ్డూరమేంటంటే, పోటీల్లో ఈ ఆట ఆడవాళ్లని గుమ్మం బయట నిలబెట్టలేదు. 1985లో ఇటలీ బార్డొనెచ్చియాలో జరిగిన తొలి పెద్ద పోటీలోనే ఆడవాళ్ల విభాగం ఉంది, కాథరిన్ డెస్టివెల్ గెలిచింది. టోక్యో ఒలింపిక్స్‌లో ఆడ 20, మగ 20. పారిస్‌లో 34, 34. మన పక్కింటి శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం తెచ్చిన 2000లోనే ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది. అక్కడ పరిశోధన వెనకబడిందంటే అసలు ఆడనిచ్చిందే ఆలస్యంగా అని సరిపెట్టుకోవచ్చు. క్లైంబింగ్‌కి ఆ సాకు లేదు.

ఉన్న పేపర్లలో నాకు పనికొచ్చింది 2000 నాటిది. 24 మంది మగ, 20 మంది ఆడ క్లైంబర్లు. శిక్షణతో మారే గుణాలు వాళ్ల ప్రదర్శనలో తేడాని 58.9 శాతం వివరించాయి. ఎత్తు, చేతుల చాపు లాంటి ఒడ్డూ పొడుగూ లెక్కలు 0.3 శాతం. ఈ అంకె చూసి ఎగిరి గంతేయాలనిపించింది. అలా అనిపించినప్పుడే ఇంకోసారి చదవాలి. వాళ్లు కొలిచింది ఇండోర్‌లో హోల్డులతో పెట్టిన రెండు రూట్ల (ఎక్కే దారుల) మీద. ఆ రూట్లు ఇంకొకరు ఇంకోలా పెట్టి ఉంటే ఆ 0.3 అక్కడే ఉంటుందా?

ఇంకో చిక్కు కూడా ఉంది. అంతర్జాతీయ రాక్ క్లైంబింగ్ పరిశోధన సంఘం రూట్ల కష్టానికి 1 నుంచి 32 దాకా ఒకే కొలబద్ద పెట్టింది. అందులో ఎలైట్ అన్న పేరు మగవాళ్లకి 24 దగ్గర మొదలవుతుంది, ఆడవాళ్లకి 21 దగ్గర. ఎలైట్ ఆడవాళ్లనీ ఎలైట్ మగవాళ్లనీ పక్కపక్కన పెడితే వాళ్లెక్కే రూట్లు ఒకటి కావు. పోనీ ఒకే రూట్ ఎక్కేవాళ్లని తెచ్చి పోలుద్దామా, ఆ అమ్మాయి తనవాళ్లలో ఉన్న స్థానం, ఆ అబ్బాయి తనవాళ్లలో ఉన్న స్థానం కంటే పైన. రెండు పద్ధతులూ తప్పు కాదు, కానీ రెండూ వేరే వేరే ప్రశ్నలకి జవాబులు. ఎలా జత కట్టారో చూడకుండా "ఆడవాళ్లకి ఇంత తక్కువ" అన్న ఏ వాక్యాన్నీ నోటుబుక్కులోకి ఎక్కించకూడదని ఖాయం చేసుకున్నాను.

వానలు పట్టాక. చెక్క హోల్డులు

రెజిన్ హోల్డులు కొనే స్తోమత లేదు. సామిల్లులో టేకు ముక్కలు కిలోల లెక్కన దొరికాయి. గుగ్గిలం కూడా ఇస్తామన్నారు గానీ అది మేకులాంటి చెక్క, మొన బొక్క వేసేలోపే చీలుతుంది. టేకుని కోసి, అంచుని ఆకురాయితో గుండ్రం చేసి, ఉప్పుకాగితం పట్టించాం. మరీ నున్నగా చేస్తే ఈ తేమకి చెయ్యి జారిపోతుంది. చివరి పట్టు గరుకు కాగితంతోనే ఆపేశాం.

లేత్ షాపు నుంచి వెర్నియర్ అడిగి తెచ్చాను. శిక్షణ పట్టికల్లో వేళ్ల బలానికి తరచుగా కనిపించే అంచు 20 మి.మీ. లోతుది. అదే లోతుకి ఒక దిమ్మె చేసి అందరి చేతా పట్టించాం. మేస్త్రి మధ్యవేలు పెడితే మొదటి కణుపులో కొంత భాగం గాల్లోనే ఉంది. ఏడో తరగతి గుంట ఒకర్తె పెడితే కణుపు గీత దాకా మొత్తం చెక్క మీద కూర్చుంది. ఆ పిల్ల వేళ్లు మడిచి, "ఇది మెట్టులా ఉంది కదా మేడమ్, దీనికి బలం ఎందుకు?" అంది. మేస్త్రి చేతికి అది అంచు, ఈ పిల్ల చేతికి అరుగు. కాగితం మీద మాత్రం ఇద్దరికీ 20.

ఎత్తు తక్కువ అన్న మాట ఆడవాళ్ల గురించి ప్రతివాళ్లూ చెబుతారు. వేలు సన్నం అన్న సంగతి ఎవరూ ఎత్తరు. సన్నటి వేలికి చిన్న అంచుల దగ్గర, ఇరుకు పగుళ్ల దగ్గర లాభం. వెడల్పాటి పించ్ (బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య నొక్కి పట్టే హోల్డు) దగ్గర నష్టం, బొటనవేలు అవతలికి అందదు. రెండూ కొలవాలి. అందుకని దిమ్మె మీద రెండు అంచులు చెక్కించాను: ఒక పక్క అందరికీ 20, రెండో పక్క 12. సన్నవేళ్లకి ఆ 12 మీద మేస్త్రికి 20 మీద ఉన్నంత ఇబ్బంది ఉంటుందో లేదో చూద్దాం. పించ్‌లు కూడా మూడు వెడల్పుల్లో.

జూలై. కాటా

వేళ్ల బలం కొలిచే యంత్రాలు అమ్ముతారు, మన జోలికి రావు. పాత ఇనుము కొట్టులో వేలాడే డిజిటల్ కాటా ఉంటుంది కదా, కొక్కెంది, అదే కొత్తది కొన్నాం. పెద్ద అంకె దగ్గర నిలిపి ఉంచే హోల్డ్ బటన్ ఉన్న రకం చూసుకోవాలి, లేకపోతే అంకెలు పరిగెత్తుతూనే ఉంటాయి. నేలలో యాంకర్ బోల్టు, దానికి గొలుసు, గొలుసుకి కాటా, కాటాకి దిమ్మె. పిల్ల నిలబడి నాలుగు వేళ్లతో దిమ్మెని పైకి లాగుతుంది. ఎంత లాగిందో కాటా చెబుతుంది. రేషన్ డీలర్ దగ్గర ముద్ర వేసిన తూనికరాళ్లు అడిగి కాటాని సరిచూశాం, ప్రతి ఆదివారం మొదలుపెట్టే ముందు కూడా చూస్తున్నాం. తేమకి బ్యాటరీ నీరసిస్తే అంకె అబద్ధం చెబుతుంది.

అంచు పట్టుకుని వేలాడే పరీక్ష పెట్టకపోవడానికి కారణముంది. ఎదిగే వయసులో వేలి ఎముక చివర పెరుగుదల పలక ఇంకా గట్టిపడి ఉండదు. క్లైంబింగ్ చేసే పిల్లల్లో, ముఖ్యంగా మధ్యవేలు, ఉంగరపు వేలి నడిమి కణుపు దగ్గర ఆ పలక చిట్లడం డాక్టర్లు బాగా ఎరిగిన గాయం. వేళ్లని పూర్తిగా మడిచి, బొటనవేలు పైన వేసి నొక్కే పట్టుతో ఆ ఒత్తిడి ఎక్కువ. ఆడపిల్లలు పొడుగెదిగే జోరు పన్నెండేళ్ల అటూ ఇటూ, మగపిల్లలకి పద్నాలుగు దగ్గర. ఒకే తరగతి పిల్లలైనా ఎముక వయసు వేరు. నిలబడి లాగితే నొప్పి తెలియగానే వదిలేయొచ్చు, మీద పడే శరీర బరువేదీ ఉండదు. సగం మడిచిన పట్టు మాత్రమే, మెల్లగా పెంచుతూ, కొద్దిసార్లే. వేలి కణుపు నొప్పి అన్నవాళ్లని కాటా దగ్గరికి రానివ్వం.

ఓర్పు పరీక్షకి పెద్దవాళ్ల దగ్గర వాడే పద్ధతొకటి ఉంది: 7 సెకన్లు లాగడం, 3 సెకన్లు వదలడం, అలా 4 నిమిషాలు, ప్రతిసారీ ఉన్న బలమంతా పెట్టి. పిల్లలకి అంత వద్దు. వాళ్ల బలంలో సగానికి తక్కువ పెట్టి అదే తాళంలో ఎంతసేపు చేయగలరో చూస్తున్నాం. ఇక్కడ మాకు కనిపించింది పుస్తకంలో ఉన్నదే. ఎవరి బలంలో వాళ్లు అదే శాతం పెట్టి పట్టుకుంటే సగటున ఆడవాళ్లు ఎక్కువసేపు నిలబడతారని చాలా పరీక్షలు చెబుతున్నాయి. గట్టిగా బిగిసిన కండ తనకి రక్తం తెచ్చే నాళాలని తనే నొక్కేసుకుంటుంది. మొత్తం బలం తక్కువైతే ఆ నొక్కుడు తక్కువ, రక్తం ఆడుతుంది. కండలో నిదానంగా అలిసే పోగుల వాటా కూడా ఆడవాళ్లలో కొంత ఎక్కువ. మా మేస్త్రి కొడుకు, ఇంటర్ కుర్రాడు, సరదాగా లాగి మొదటి అంకెలో అందర్నీ మించాడు. తాళం మొదలయ్యాక కువి భాష మాట్లాడే ఇంటి నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల ఇంకా లాగుతుండగానే చేతులు దులుపుకుని కూర్చున్నాడు. ఇద్దరితో ఏ సిద్ధాంతమూ తేలదు, పిల్లల నవ్వులకి మాత్రం బాగా పనికొచ్చింది.

అంకెలు ఇక్కడ రాయను. పిల్లలవి కదా.

జూలై చివర. రిజిస్టర్లో ఒక గడి

ఆడవాళ్లని పరీక్షల్లో చేర్చుకోకపోవడానికి పరిశోధకులు ఏళ్ల తరబడి చెప్పిన కారణం నెలసరి. హార్మోన్లు మారుతుంటాయి, ఫలితం కలగాపులగం అవుతుంది అని. ఆ లెక్కన కలగాపులగం అవుతుందో లేదో చూడటమే మొదట చేయాల్సిన పరిశోధన. 2020లో 78 అధ్యయనాలని కలిపి చూసిన సమీక్ష ఒకటి, నెలసరి తొలిరోజుల్లో ప్రదర్శన సగటున అతి కొద్దిగా తగ్గొచ్చంది. ఆ అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రం అని కూడా అదే చెప్పింది. ఒక్కొక్కరిది ఒక్కో తీరు కాబట్టి అందరికీ ఒకే సూత్రం పెట్టొద్దన్నది దాని సలహా.

సరే, మేమూ గడి పెట్టాం. పెట్టడం తేలిక, అడగడమే కష్టం. ఇక్కడ ఇంట్లో ఆ మాట ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా, రెండు చోట్లా గొంతు తగ్గించే అంటారు. పిల్లలు "డేట్ వచ్చింది మేడమ్" అంటారు, అదీ చెవిలో. గడికి పేరు పెట్టొద్దని వాళ్లే అన్నారు. ఎవరి పుస్తకం వాళ్ల దగ్గరే, ఆ రోజున గడిలో చింతగింజంత చుక్క. చెప్పాలనిపిస్తేనే నాకు చెబుతారు. రిజిస్టర్ గోడౌన్లో ఉండదు.

చుక్కల్ని బట్టి హార్మోన్ దశ చెప్పడం కుదరదని తెలిసే చేస్తున్నాం. దశ ఖాయంగా చెప్పాలంటే రోజుల లెక్కతో పాటు అండం విడుదల తెలిపే మూత్ర పరీక్ష, రక్తంలో హార్మోన్ పరీక్ష కావాలి. 2021లో వచ్చిన మార్గదర్శకాలు అదే అడుగుతున్నాయి. పైగా ఈ వయసులో నెలలు ఇంకా కుదురుకోవు. మా చుక్కల ఉపయోగం వేరే: రెండు మూడు నెలలు చుక్క లేకపోతే ఆ పిల్ల తిండి గురించి తల్లిని అడగాలి.

ఆగస్టు. బరువు గడి కొట్టేశాం

ఈ ఆటలో వేళ్ల బలాన్ని శరీర బరువుతో భాగించి చెప్పడం మామూలు. లెక్కగా సబబే, ఎక్కాల్సింది తన ఒంటినే కాబట్టి. కానీ భాగహారంలో కింది అంకె తగ్గినా జవాబు పెరుగుతుందని ఏడో తరగతి పిల్లకి కూడా తెలుసు. బలం పెంచడానికి నెలలు పడతాయి, రాత్రి అన్నం మానేయడానికి ఏం పట్టదు.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది: ఆటకి ఖర్చయ్యేంత శక్తి తిండిలో అందక నెలసరి ఆగడం, ఎముక పలచబడటం, రోగాలు ముసరడం. మగవాళ్లకీ వస్తుంది. 2023లో అంతర్జాతీయ క్లైంబింగ్ సమాఖ్య వైద్య కమిషన్ నుంచి ఇద్దరు డాక్టర్లు, అందులో ఒకరు అధ్యక్షుడే, ఈ విషయంలో సమాఖ్య చేస్తున్నది చాలదని రాజీనామా ఇచ్చారు. తర్వాత సమాఖ్య కొత్త నియమాలు తెచ్చింది. ఒలింపిక్ స్థాయిలోనే ఇంత గొడవైతే గోడౌన్లో నేను ఎవరి బరువైనా బోర్డు మీద రాయడమా! బలం కిలోల్లో, ఎవరిది వాళ్ల పాత అంకెతోనే పోలిక. పరిశోధన పట్టికతో కుదరకపోతే మానె.

సాధన ముందు చోడి అంబలి, తర్వాత అరటిపండు, ఉడికిన గుడ్డు. అంబలి మా అత్తగారి డ్యూటీ. మొదట్లో, "గోడలెక్కితే చేతులు కాయలు కాస్తే రేపు పెళ్లిచూపుల్లో ఏం చూపిస్తార్రా" అన్నావిడే, ఇప్పుడు అంబలి తాగకుండా గోడ ముట్టుకున్న పిల్లని చెంబు పట్టుకుని వెంటపడుతోంది. తల్లుల్ని ఒప్పించడానికి నాకు సాయం చేసింది మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా గిరిజన తండా పిల్ల, భువనగిరి కోట రాయి మీద ఎక్కడం నేర్చుకుని, 2014లో పదమూడేళ్లకి ఎవరెస్టు మీద నిలబడింది. ఫొటో గోడౌన్ తలుపుకి అతికించాను.

ఆగస్టు ఆఖరు. రూట్లు ఎవరు పెట్టాలి

పారిస్ బౌల్డర్ (తాడు లేకుండా ఎక్కే పొట్టి గోడ) ఫైనల్ వీడియో పిల్లలకి చూపించాను. జపాన్ అమ్మాయి ఆయ్ మోరీ, 154 సెంటీమీటర్లు. మొదటి బౌల్డర్లో మొదలుపెట్టే హోల్డుకే ఎగిరి ఎగిరి అందుకోలేక సున్నాతో దిగింది. అదే ఫైనల్ లీడ్ గోడ (తాడు కట్టుకుని ఎక్కే ఎత్తు గోడ) మీద అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. చివరికి నాలుగో స్థానం. ఎత్తు లేకపోతే ఎగరడం నేర్చుకోవాలి, అదీ ఆటలో భాగమే అన్నవాళ్లున్నారు, కొట్టిపారేయను. కానీ మొదటి మెట్టే అందకపోతే మిగతా గోడ మీద ఆమె ఏం చేయగలదో ఎవరికీ తెలియకుండా పోతుంది. పరీక్షగా చూస్తే అది చెడ్డ పరీక్ష.

స్పీడ్ క్లైంబింగ్‌లో ఇది అంకెల్లో దొరుకుతుంది. గోడ 15 మీటర్లు, 5 డిగ్రీల వాలు, ప్రపంచమంతా ఒకే హోల్డులు ఒకే ఎడంలో, ఆడా మగా తేడా లేదు. పారిస్‌లో రికార్డులు: అలెక్సాండ్రా మిరోస్లావ్ 6.06 సెకన్లు, శామ్ వాట్సన్ 4.74. తేడా 28 శాతం దాకా. 100 మీటర్ల పరుగు రికార్డులు 10.49, 9.58 తీసుకుంటే పది శాతం కూడా లేదు. చేతుల బలం తేడా కాళ్ల బలం తేడా కన్నా ఎక్కువ కాబట్టి కొంత అక్కడి నుంచి వచ్చింది, ఖాయం చేసిన ఎడం నుంచి కూడా కొంత వచ్చి ఉండొచ్చు. అదైనా శిలాశాసనం కాదు. 2021 ఆగస్టులో అవే రికార్డులు 6.84, 5.20, తేడా 31 శాతం.

రాతి మీదికి వెళ్దాం. అక్కడ హోల్డులు ఎవరూ బిగించరు, ఎవరి ఒంటికి తగ్గ దారి వాళ్లు వెతుక్కుంటారు. 2017లో ఆదమ్ ఓంద్రా 9సి (రూట్ కష్టానికి ఇచ్చే గ్రేడు) ఎక్కాడు. అదే ఏడాది ఏంజెలా ఐటర్ 9బి ఎక్కిన మొదటి మహిళ అయింది. 2025లో బ్రూక్ రబుటూ 9బి+ ఎక్కింది, 9సికి ఒక్క మెట్టు కింద. 1993లో అమెరికాలోని ఎల్ కాపిటాన్ కొండగోడ మీద నోస్ రూట్‌ని లిన్ హిల్ సొంత బలంతో (పడితే ఆపడానికి తప్ప తాడు సాయం లేకుండా) ఎక్కేదాకా ఆడా మగా ఎవరూ అలా ఎక్కలేదు. దారి ఎంచుకోనిస్తే తేడా చిన్నది, ఎడం ముందే ఖాయం చేస్తే పెద్దది. మాకు 15 సెంటీమీటర్ల బొక్కలు ఎందుకు కావాలని మేస్త్రి అడిగినదానికి అసలు జవాబు ఇక్కడుంది.

కాబట్టి రూట్లు పిల్లలే పెడుతున్నారు. నియమం ఒక్కటే: మొదటి హోల్డు అందరిలోకీ పొట్టి పిల్ల నిలబడి ముట్టుకోగలగాలి. ఆ పైన ఎంత కష్టమైనా సరే. వాళ్లు పెట్టిన రూట్లలో పాదం నడుము దాకా ఎత్తి పెట్టడాలు, తొంటి గోడకి ఆనించి తిరగడాలు ఎక్కువ. నేనైతే ఎగిరి అందుకునేవి పెట్టేదాన్ని. నల్ల బోల్టుల రూట్ అని ఒకటుంది, మధ్యలో రెండు హోల్డులు ఎంత దగ్గరగా ఉన్నాయంటే పొడుగు మనిషికి మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మేస్త్రి కొడుకు దాని మీద అక్కడే ఆగిపోతున్నాడు.

సెప్టెంబరు

గోడ తేమకి ఒక మూల ఉబ్బింది, వార్నిష్ ఇంకో పూత వేయాలి. పరుపులకి వేసిన ఫోమ్ బాగానే ఉంది, టార్పాలిన్ కవరు చిరిగింది. బూట్లు ఇంకా తేలలేదు. పిల్లల సైజుల్లో క్లైంబింగ్ బూట్లు దొరికినా ధర చూసి వెనక్కి వచ్చాం, ప్రస్తుతానికి కాన్వాస్ బూట్లే. చిన్న అంచుల మీద అవి జారుతున్నాయి కాబట్టి కాళ్ల హోల్డులు పెద్దవి చేశాం.

అబ్బాయిలు కూడా వస్తామంటున్నారు. వచ్చే ఆదివారం నుంచి రమ్మన్నాం. వాళ్ల కోసం రూట్లు మార్చం, మొదటి హోల్డు నియమం అలాగే ఉంటుంది. కాటా దగ్గర అందరి చేతా 20 మీదా 12 మీదా లాగించి, పక్కన వేలి కొలత రాస్తాం. ఆడా మగా అన్న గడి కన్నా వేలి గడి ఎక్కువ చెబుతుందేమో చూడాలి, దానికి ఇంకా చాలా వేళ్లు కావాలి. తుప్పు పట్టిన బోల్టుల బదులు స్టెయిన్‌లెస్‌వి పార్వతీపురంలో చెప్పాం, అవి వస్తే నల్ల బోల్టుల రూట్‌కి పేరు మార్చాలంటున్నారు పిల్లలు.